గూట్లో పురికొస ఉండ

మా చిన్నప్పుడు... నాన్న పాపిరెడ్డిపట్టి సంత నుంచి వస్తే, మేము పొట్లం లోపలి బెల్లం కోసం చూసేవాళ్ళం. మా అమ్మ మాత్రం పొట్లం మీది పురికొస కోసం చూసేది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలు. మా తమిళ సీమ పక్క చిన్న అంగళ్ళలో ఇంకా పాత పేపర్లో చుట్టి, పురికొసతో కట్టి ఇచ్చేవాళ్ళు. అంగడివాళ్ళు దాన్ని తమిళంలో సణల్ అంటారు. ఆ దారాన్ని తెంపే హక్కు మా ఇంట్లో ఎవరికీ లేదు. గోటితోనే విప్పాలి. మరీ బిగుసుకున్న ముడినైతే అరచేతుల మధ్య పెట్టి నలిపి, కొండెపిన్ను దూర్చి, మెల్లగా వదులు చెయ్యాలి. తర్వాత పాత దారం కొసకు కలిపి ఉండ చుట్టాలి. ఆ ఉండ దీపం గూటి పక్క గూట్లో ఉండేది...

ఒకసారి నాన్న పొలం నుంచి ఆకలిగా వచ్చి, బెల్లం పొట్లం మీదికి కొడవలి తీశాడు.

"ఏంది, పొట్లానికి కొడవలా? గోర్లు అరిగిపోయినాయా నీకు?" అనింది అమ్మ.

"ఆకలైతాంది మే. నువ్వు విప్పేలోపల రాగి కోతలొస్తాయి."

"కట్టినోడూ మనిషే కదా. విప్పేకి మనిషి చాలడా?"

నాన్న నవ్వి కొడవలి కింద పెట్టాడు. బెల్లం చేతికొచ్చేసరికి సంగటి చల్లారిపోయింది...

ఆ ఉండతో ఎన్ని పనులు జరిగేవో. వదులైన చీపురు కట్టడానికి అదే. అనపతీగను పందిరి ఎక్కించడానికి అదే. రాగుల మూట మూతికీ అదే. పాలచట్టి పిల్లికి అందకుండా అమ్మ దాంతోనే ఉట్టి అల్లేది. ఎందుకూ పనికిరాని పొట్టి ముక్కల్ని జడలాగా పేని, గుండ్రంగా చుట్టి కుట్టి, కుండ దొర్లకుండా చుట్టకుదురు చేసేది. నా గుడ్డబొమ్మకు జడ కూడా పురికొసే... దానికి కనకాంబరాలు పెట్టి మురిసిపోయేదాన్ని.

నన్ను బొమ్మిడి పక్క ఊరికి ఇచ్చినప్పుడు అమ్మ సామాన్లతోబాటు ఆ ఉండను కూడా పంపింది. అప్పటికే అంగళ్ళలో అంతా కవర్లు వచ్చేశాయి. ఉండ ఇంక పెరగలేదు. అది మా మంజుకు ఆట వస్తువు అయింది.

మంజు నా కూతురు. ఎడమచేతి వాటం. ముడి వేస్తే అందరి ముడికీ తిరగబడి పడేది. దాని మీద ఇంకొకటి, ఆ మీద ఇంకొకటి వేసి, పళ్ళతో పట్టి బిగించేది. వాళ్ళ అవ్వ, అంటే మా అమ్మ దగ్గర ఉట్టి అల్లడం నేర్చుకుని, ఆ ఉండ దారంతో చిన్న ఉట్టి ఒకటి అల్లింది. అందులో ఐస్‌క్రీం డబ్బా పెట్టి పిచ్చుకలకు నీళ్ళు పోసింది. వాళ్ళ నాన్న భుజాల మీద ఎక్కి, వసారాలోని ఇనప కమ్మీకి తానే కట్టింది.

మా అమ్మ కింద నిలబడి చూసి, "ఏం ముడి పాపా ఇది? ఎద్దును కట్టినా ఇంత బిగించరే! దీనికి మీ తాత కొడవలే రావాల" అనింది.

"విప్పేకి కాదవ్వా. ఉండేకి కట్టినా."

జ్వరమని ఆస్పత్రికి తీసుకుపోయిన బిడ్డ మళ్ళీ ప్రాణంతో ఇంటికి రాలేదు... దాని గురించి ఇంక రాయలేను. చెయ్యి రాదు.

ఆ తర్వాత నాకు ఏ పనీ చేతకాలేదు. ఇల్లు చిమ్మాలన్నా ఒళ్ళు బరువే. డబ్బాలో నీళ్ళు ఎండిపోయాయి, డబ్బా ఎండకు పగిలిపోయింది. ముడి మాత్రం అట్లే ఉంది.

ఏడాది తిరిగాక మా ఆయన ఇంటికి రంగు వేయడం మొదలుపెట్టాడు. వసారాకు వచ్చేసరికి బ్లేడు తీశాడు.

"దీన్ని చూసినప్పుడంతా నీకు కూడు దిగడం లేదు. తీసేస్తా" అన్నాడు.

"కోయొద్దు."

"అయితే నువ్వే విప్పు."

స్టూలు ఎక్కాను. చేతులు పైకి ఎత్తి ముడిని ముట్టుకున్నాను. దిగేశాను. అప్పుడు ఊరి నుంచి వచ్చి ఉన్న మా అమ్మ, "జరుగు మే, నేను విప్పుతా" అనింది. ఆ వయసులో స్టూలు ఎక్కి, తలలో కొండెపిన్ను తీసి ముడిలోకి దూర్చింది. నేను గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాను... అమ్మ విప్పలేని ముడి అంటూ నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

కాసేపటికి కళ్ళు తెరిచాను. పై ముడి కొంచెం వదులైంది. అమ్మ దాన్ని వేళ్ళతో పట్టుకుని అట్లే నిలబడి ఉంది. తర్వాత ఆ వదులైన కొసను మళ్ళీ లాగి బిగించింది. పిన్ను తలలో పెట్టుకుంది.

"దీని చుట్టూ వేసుకో నాయనా రంగు" అనింది మా ఆయనతో. నా వైపు చూడలేదు.

ఇప్పుడు ఏం కొన్నా కవర్లలోనే వస్తున్నాయి. చింపితే చాలు, గోర్లతో పనే లేదు. మా వసారా కమ్మీ అంతా కొత్త పచ్చరంగు... ముడి కింద మాత్రం పాత నీలం అట్లే ఉంది.

మీ ఇంట్లో కూడా మీవాళ్ళ చేతి ముడి ఏదైనా విప్పకుండా మిగిలి ఉందా? ఉంటే నాకు రాయండి. బళ్ళో చదివింది తమిళమే, తెలుగు కూడబలుక్కుంటూ అయినా అన్నీ చదువుతాను...