కొవారిక్ చోటు

తెల్ల టేపును పళ్లతో చించి, వంకరపోయిన చూపుడువేలికి చుట్టుకున్నాడు లైల్ కొవారిక్. అమెరికాలో చేతులతో ఆడే ఫుట్‌బాల్‌లో, తన కాలేజీ జట్టుకు బంతిని కాళ్ల మధ్యనుంచి వెనక్కి అందించే పని అతనిది. అందించిన మరుక్షణం ఎదుటివాడు వచ్చి గుద్దేదీ అతణ్ణే. నడుముకు వేలాడే తువ్వాలుతో తుడవనిదే తడి బంతిని అందించడు. ఈ ఏడు కాలేజీ డబ్బు గుమ్మరించి ఆ బంతిని అందుకుని ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్‌గా జోర్డన్ అనేవాణ్ణి తెచ్చింది. పాత జట్టులో తనకు బంతి అందించే స్నేహితుణ్ణి కూడా కొవారిక్ చోటులోకి తీసుకుంటేనే వస్తానన్నాడు జోర్డన్. "నువ్వూ వేరే కాలేజీ చూసుకోరా, నీకూ డబ్బిస్తారు," అన్నాడు కోచ్. "నా చోటు ఇదే కోచ్," అన్నాడు కొవారిక్.

ఆ సాయంత్రం వానలోనే సాధన. కొవారిక్ అందరికంటే ముందు వెళ్లి బంతి మీద వంగి నిలబడ్డాడు.

"ఏం సీనియర్ తాతా, లే! మావాడు రావాలి," అన్నాడు జోర్డన్.

"రమ్మను. నన్నెత్తి పక్కన పెట్టి నిలబడమను."

జోర్డన్ స్నేహితుడు కోచ్ వైపు చూశాడు. కోచ్ ఈల నోట్లో పెట్టుకున్నాడు. జోర్డన్ నవ్వేసి, కొవారిక్ వెనక వంగి చేతులు చాపాడు. కొవారిక్ బంతిని రెండువైపులా తుడిచాడు. ఈల మోగింది. ఎదుటివాడు వచ్చి మీద పడేలోపే బంతి జోర్డన్ అరచేతుల్లో ఉంది, పొడిగా.