వంటావార్పు రోజు హీలియం

మా ల్యాబుకు ద్రవ హీలియం ఎప్పుడో కానీ వచ్చేది కాదు. వాడినా వాడకపోయినా ఆవిరైపోతూనే ఉంటుంది కాబట్టి ఎవరి వంతు రోజు వాళ్ళదే. నా మిత్రుడి వంతు సరిగ్గా తెలంగాణ బంద్ రోజున పడింది.

అతనిది గుంటూరు వైపు. దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయి గది. తను పెంచిన స్ఫటికం ఆ హీలియం ఇచ్చే విపరీతమైన చలిలో వేడిని ఎంత బాగా మోస్తుందో కొలవాలి. ఒక కొసకు కాస్త వేడి ఇచ్చి, రెండు కొసల మధ్య తేడా చూడటమే పని. చల్లబడేకొద్దీ వేడి సులువుగా పారుతుంది, ఒకచోట మాత్రం మళ్ళీ తగ్గడం మొదలవుతుంది. ఆ మలుపు దొరికితేనే అతని పీహెచ్‌డీ. ఫెలోషిప్ ఆ నెలతో ఆఖరు.

నేను ఎల్బీనగర్ నుంచి స్కూటర్ మీద వచ్చి అతన్ని ఎక్కించుకున్నాను. చౌరస్తాలో రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. వాళ్ళలో సగం మంది నాకు తెలిసినవాళ్ళే. ముందురోజు అదే చోట నేనూ గొంతు పోయేలా అరిచాను.

"జర ఆగుండ్రి, బువ్వ ఉడుకుతున్నది. తినకుంట ఎట్ల పోతరు?" అన్నాడో పెద్దాయన.

"అర్జెంటు పనుందండీ," అన్నాడు మిత్రుడు. ఆ మాట తీరుతో అతనెక్కడివాడో అందరికీ తెలిసిపోయింది. నేను గబుక్కున స్కూటర్ స్టాండు వేసి అతని ముందుకు వచ్చాను. ఆ పెద్దాయన మాత్రం అతని భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టాడు. "నువ్వయితే తినే పోవాలె బిడ్డా."

మొదటి విస్తరి అతనికే వేశారు. అడ్డుకొని ఉంటే తిట్టేవాణ్ణి. అన్నం పెట్టేవాళ్ళను ఏమనాలి? లోపల ఉడికిపోతూ నేనూ తిన్నాను.

మేం ల్యాబు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. హీలియాన్ని నిదానంగా పోయాలి. మెల్లగా పోస్తే దాని చల్లటి ఆవిరే లోపలి లోహాన్ని చల్లబరుస్తుంది. గబగబా పోస్తే అంతా ఉత్తినే ఎగిరిపోతుంది. అది నాకు నేర్పినవాడు అతనే. రోజు అయిపోతోందని ఆ పూట అతనే తొందరపడ్డాడు. తెల్లటి పొగ గుప్పుమని లేచింది. ఉష్ణోగ్రత మలుపుకు కొంచెం పైన ఆగిపోయింది, ఇక దిగలేదు. మరో వంతు వచ్చేదాకా ఆగే వీలు అతనికి లేదు. నెలాఖరుకు గది ఖాళీ చేసి వెళ్ళి, వాళ్ళ మామయ్య ఎరువుల దుకాణంలో కూర్చున్నాడు.

తర్వాత హీలియం వచ్చినప్పుడు అతని స్ఫటికాన్ని నేనే కొలిచాను. మలుపు అతను చెప్పిన చోటే ఉంది. ఫోన్ చేసి చెప్పాను. అతను అడిగింది ఒక్కటే.

"పోయడానికి ఎంతసేపు పట్టిందిరా?"

"పొద్దుటి పూటంతా."

"ఆ రోజు పొద్దున్నే చేరుంటే నేనూ అంత నిదానంగానే పోసేవాణ్ణి," అన్నాడు.