గమ్ము ఎక్కువైన పేజీ

మా కోర్టు ఆవరణలో వెనకవైపు, క్యాంటీను పక్కన ఒక న్యాయ గ్రంథాలయం ఉంది. లాయర్లే కాదు, ఎవరైనా వచ్చి కూర్చుని చట్టం చదువుకోవచ్చు. ఇరవై ఆరేళ్లుగా దాన్ని ఒంటిచేత్తో నడుపుతున్న ఆవిణ్ణి అందరూ పేజీ నంబరక్కయ్య అంటారు. ఏమడిగినా ఆవిడ నోట్లోంచి పేజీ నంబరే వస్తుంది మరి. "మా ఆయన నన్ను వదిలేశాడమ్మా" అని ఒకావిడ బల్ల మీద తల వాల్చి ఏడిస్తే, మంచినీళ్లిచ్చి, వీపు నిమిరి, "రెండో బీరువా, నాలుగో అర, ఎనభై ఏడో పేజీ" అంది. ఒట్టు, నా కళ్లతో చూశాను.

రాయి మనిషేం కాదు. గ్రంథాలయం వాళ్లు పుస్తకం చూపించాలే తప్ప సలహా చెప్పకూడదన్నది రూలు. ఆ రూలు అందరూ చదువుతారు, ఈవిడ పాటించింది. అంతే తేడా.

నేనేదో సేవ చేద్దామని అక్కడికి వెళ్లాననుకునేరు! అంత లేదు. నోటీసు బోర్డు మీద కాగితం చూశాను: కొత్త లాయర్లకు అవకాశం, శనివారాలు గ్రంథాలయంలో రెండు గంటలు ఉచిత సలహా, ఆరు నెలలకు సర్టిఫికెట్. మా సీనియరు ఏడాదిగా నాచేత ఫైళ్లు మోయించడమే తప్ప నోరు తెరవనిస్తేగా! సలహా చెప్పే అవకాశం అనగానే ఎగిరి గంతేశాను.

అక్కయ్య నన్ను ఎగాదిగా చూసింది. "అమ్మయ్య, మాట్లాడే మనిషొచ్చింది. ఇక నీ నోరు, నా పుస్తకాలు" అంది.

చట్టం మారినప్పుడల్లా పైనుంచి సవరణ చీటీలు వస్తాయి. కొత్త పుస్తకాలు కొనమంటే పైవాళ్లు చెవిన పెట్టరు కాబట్టి, అక్కయ్య ఆ చీటీలు కత్తిరించి, గమ్ము రాసి, పాత పుస్తకాల్లోనే సరైన చోట అంటిస్తుంది. ఆ పనిలో ఉన్నప్పుడు జడ్జిగారొచ్చినా సరే, వేలు పెదాల మీద పెట్టి గుమ్మంలోనే నిలబెట్టేస్తుంది.

ఒక శనివారం టైలరమ్మ వచ్చింది. బస్టాండు వెనకాల చిన్న కొట్టు ఆవిడది, పద్నాలుగేళ్లుగా అద్దెకుంటోంది. ఖాళీ చెయ్యమని ఓనరు నోటీసిచ్చి తొమ్మిది రోజులైందట. ఆ కొట్టు మీదే ఇల్లు గడుస్తోంది, ఇద్దరు ఆడపిల్లలు చదువుకుంటున్నారు. అక్కయ్య అద్దెల చట్టం తెచ్చి, నూట పదకొండో పేజీ తెరిచి, నా ముందు పెట్టి వెళ్లిపోయింది. అభ్యంతరం రాసివ్వడానికి ముప్పై రోజులు గడువని స్పష్టంగా ఉంది. నేను గొంతు సవరించుకుని, నల్లకోటు సర్దుకుని, "ఇంకా మూడు వారాలుంది, కంగారు పడకండి" అని తీర్పు చెప్పినంత దర్జాగా చెప్పాను. టైలరమ్మ చేతులెత్తి దణ్ణం పెట్టి, "చేతిలో ఉన్న యూనిఫారాలు కుట్టేసి వస్తాను లాయరమ్మా" అని వెళ్లిపోయింది. ఆ రోజంతా నేను నేల మీద నడిస్తే ఒట్టు.

తర్వాతి శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి అక్కయ్య ఫోన్ చేసింది. "తొందరగా రా" అని తప్ప ఇంకో మాట లేదు. పరుగెత్తాను. అక్కయ్య చేతిలో అద్దెల చట్టం, మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇంకో చీటీ అంటించబోయి నూట పదకొండో పేజీ తిప్పితే నూట పద్నాలుగొచ్చిందట! పాత చీటీకి గమ్ము ఎక్కువై, ఆరకముందే పుస్తకం మూసేయడంతో, మధ్యలో రెండు పేజీలూ అతుక్కుపోయాయి. అక్కయ్య తడి గుడ్డతో ఊడదీసిన చోట సవరణ చీటీ ఉంది. ముప్పై రోజులు కాదు, పదిహేను. లెక్కపెట్టాను. పదిహేనో రోజు ఇవాళే. అభ్యంతరాలు తీసుకునే ఆఫీసు ఐదింటికి మూసేస్తారు.

ఆటోలో వెళ్తుంటే చూశాను, పుస్తకం ఆవిడ ఒళ్లోనే ఉంది. గుమ్మం దాటకూడని పుస్తకం! "బయటికి తెచ్చేశారేంటి అక్కయ్యా?" అన్నాను. "చూపించడానికి. చెప్పకూడదుగా" అంది. నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు.

కొట్లో టైలరమ్మ ఒక లావుపాటాయనకి కొలతలు తీస్తోంది. అక్కయ్య పుస్తకం తెరిచి ఆవిడ మొహం ముందు పెట్టి, "నూట పన్నెండో పేజీ" అంది.

"అయ్యో, ఇప్పుడా? నోట్లో పిన్నులు, చేతిలో టేపు, కళ్లజోడేమో ఇంట్లో. అక్కడ పెట్టండమ్మా, రేపు చూస్తా."

"రేపు కాదమ్మా, చదువు."

"ఈయన నడుం అయ్యేసరికే పొద్దుగూకుతుంది, చదువెక్కడ?"

లావుపాటాయన నొచ్చుకున్నాడు. నేను నోరు తెరవబోయేంతలో అక్కయ్య పుస్తకం ఫట్టుమని మూసేసింది.

"ఇవాళే ఆఖరి రోజు! ఐదులోపల కాగితం ఇవ్వకపోతే నీ కొట్టు పోతుంది. పుస్తకంలో తప్పు నాది. లే, బయల్దేరు!" అని వీధంతా వినపడేలా అరిచింది.

టైలరమ్మ నోట్లో పిన్నులు జలజలా రాలాయి. నేను కటింగు బల్ల మీదే అభ్యంతరం రాశాను. తొందరలో అక్షరాలు కోడి కెలికినట్టు వచ్చాయి. నడుం కొలత సగంలో ఉన్న పెద్దమనిషే పాపం మమ్మల్ని తన కారెక్కించుకుని తీసుకెళ్లాడు. ఐదుకి ఆరు నిమిషాలుండగా గుమాస్తా ముద్ర వేశాడు.

టైలరమ్మ మా ఇద్దర్నీ వాటేసుకుని ఒకటే ఏడుపు, ఒకటే నవ్వు. నేనూ ఏడ్చాను, సిగ్గుతో. అక్కయ్య మాత్రం నవ్వలేదు. మెట్ల మీద కూలబడింది.

"ఆ చీటీ అంటించి మూడేళ్లయింది" అంది.

"అయితే ఏమైంది? టైంకిచ్చేశాంగా."

"ఈవిడ దొరికింది. ముందొచ్చిన వాళ్లో?"

నేనూ ఆవిడ పక్కనే మెట్టు మీద కూర్చున్నాను.

మర్నాడు నేను వెళ్లేసరికి బల్ల మీద ఒక కట్ట ఉంది. పుస్తకం అడిగిన ప్రతివాళ్లూ ఫోన్ నంబరుతో రాసిచ్చిన కాగితాలవి. ఈ మూడేళ్లలో అద్దెల చట్టం అడిగినవాళ్లు పంతొమ్మిది మంది తేలారు. అక్కయ్య గొంతు సవరించుకుని మొదటి నంబరు కొట్టింది.

"నమస్కారమండీ. రెండేళ్ల కిందట మీరు మా దగ్గరొక పుస్తకం చదివారు. మీ కొట్టు ఉందా అండీ?"

అవతలివాళ్లు ఏమన్నారో నాకు వినపడలేదు. అక్కయ్య చాలాసేపు వింది. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుంది.

"తప్పు నాదండీ" అంది. "రండి. ఇంకేం చెయ్యొచ్చో నేను చెప్తాను."