తిట్టు, తిట్టాక ఆడు

ఈ ఉదయం మెట్రో దిగి ఆఫీసుకు నడుస్తుంటే ఓ ఈ-రిక్షా బ్రేకు కీచుమని సాగదీసి అరిచింది. పక్కవాళ్లు చెవులు మూసుకున్నారు. నాకు మాత్రం నవ్వొచ్చింది. మూర్తిగారింట్లో క్యాసెట్ నుంచి కంప్యూటర్‌లోకి ఆట ఎక్కుతున్నప్పుడు అచ్చం ఇదే అరుపు. నోయిడాలో నా మొదటి ఉద్యోగానికి ఆయనే బాసు. కాకినాడ మనిషి.

అప్పటికి నా ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. ఆసుపత్రిలో టోకెన్ తీసుకునే యాప్ ఒకటి నా నెత్తిన పడింది. మంచి ఫోన్లలో పరుగులు తీసేది, చవక ఫోన్లలో బిగుసుకుపోయేది. శుక్రవారం క్లయింట్ ముందు అది ఆడకపోతే పెట్టె సర్దుకుని విజయవాడ రైలెక్కడమే. భయంతో నాకు అన్నం సహించేది కాదు. నా మొహం చూసి మూర్తిగారు ఆదివారం భోజనానికి పిలిచారు.

ఆయనకో పిచ్చి ఉండేది. ఆటలు క్యాసెట్లలో వచ్చే పాతకాలపు ఇంటి కంప్యూటర్లు పోగేసి, రాళ్లను తప్పించుకుంటూ అంతరిక్షంలో ఓడ నడిపే ఒకే ఆటను అన్నిటిమీదా ఆడి పోల్చేవారు. భోజనాల బల్ల నిండా అవే. "ఈ బల్ల మీద అన్నం తిని ఎన్నాళ్లయిందో అడుగమ్మా ఆయన్ని!" అంటూ ఆంటీ కంచాలు మా చేతికే ఇచ్చారు.

ఆ ఇంట్లో ఓ నియమం. అన్నిటికన్నా బీద కంప్యూటర్‌తోనే మొదలెట్టాలి. రబ్బరు మీటలు, తెరంతా నలుపూ తెలుపూ. "ఇదేం ఓడ సార్, విరిగిన అప్పడంలా ఉంది!" అన్నాను.

"తిట్టు. తిట్టాక ఆడు."

సాంబారు చల్లారేదాకా ఆడాను. తర్వాత అదే ఆట ఖరీదైన కంప్యూటర్ మీద పెట్టారు. అబ్బో, రంగులు, సంగీతం, మిలమిలా నక్షత్రాలు! రాళ్లు ఎక్కువయ్యేసరికి ఓడకు నత్తనడక వచ్చింది. మీట నొక్కితే తాపీగా తిరిగేది, ఈలోగా ఢాం!

"చూశావా? ఆ బీదదానికి ఆట రాసినవాడు రంగులొదిలేశాడు, పాటొదిలేశాడు. నొక్కగానే ఓడ తిరగడం మాత్రం వదల్లేదు," అన్నారాయన.

మర్నాడు ఆఫీసుకెళ్లి, ముచ్చటపడి పెట్టుకున్న బొమ్మలు, తెరమీద కొట్టుకునే గుండె, స్వాగత సంగీతం అన్నీ పీకేశాను. ఒక్కోటి తీస్తుంటే ప్రాణం ఉసూరుమంది. చివరికి మిగిలింది ఒక్క బటన్.

శుక్రవారం క్లయింట్ మొహం చిట్లించాడు. "అరే, ఇస్మే తో కుఛ్ హై హీ నహీ!" ఇందులో ఏమీ లేదంటాడు! మూర్తిగారు జేబులోంచి అద్దం పగిలిన పాత ఫోను తీసి అతని చేతిలో పెట్టారు. "దబాయియే." నొక్కాడు. వేలు తీసేలోపు టోకెన్ వచ్చింది. నమ్మకం కుదరక మళ్లీ నొక్కాడు, మళ్లీ వచ్చింది. "ఠీక్ హై," అన్నాడు. అంతలో అతని చేతిలోనే ఆ ఫోను మోగింది. అతను ఎత్తగానే స్పీకర్‌లోంచి ఆంటీ గొంతు: "నా ఫోను పట్టుకుపోయి ఎక్కడ కూర్చున్నారండీ?"

నా ఉద్యోగం నిలబడింది.

సార్ ఇప్పుడు లేరు. తలుచుకుంటే దిగులేస్తుంది, కానీ నవ్వే ముందొస్తుంది. ఆ ఫోను ఆంటీ నాకిచ్చేశారు. నా టీమ్ ఏం తయారుచేసినా మొదట దానిమీదే నడవాలి. మొన్న హైదరాబాద్ నుంచి కొత్తగా చేరిన అమ్మాయి దాన్ని రెండు వేళ్లతో ఎత్తి చూసింది. "మ్యామ్, ఇదేంది, ఎవరో ఆంటీ ఫోన్ లెక్క ఉంది!"

"ఆంటీదేనమ్మా," అన్నాను. "తిట్టు. తిట్టాక నొక్కు."