మంచినీళ్ళిచ్చి అడిగే మనిషి

మా సీనియర్ గారు పోయారన్న కబురు నాకు అమలాపురం కోర్టు వరండాలో తెలిసింది. ఆయన గుమాస్తా ఫోన్ చేసి, "సార్ లేరండి. కాఫీ తాగుతా తాగుతానే ఒరిగిపోయేరండి," అన్నారు. నాకు వెంటనే ఏడుపు రాలేదు. మా పేట కేసులో ప్రతివాదిని ఆయన అప్పటికి సగమే ప్రశ్నించారు. మిగతా సగం ఆ మనిషి తప్పించుకున్నాడనిపించి ఒళ్ళు మండింది.

మాది ఉప్పలగుప్తం వైపు కొబ్బరితోటల మధ్య ఒక పేట. అమ్మానాన్నలది కూలిపని. మా ఇంట్లో బడికి వెళ్ళినదాన్ని నేనే మొదట. మా సమాధుల తోటకి వెళ్ళే దారి ఒక ఆసామి తోట అంచున ఉండేది. నా చిన్నప్పుడు అతను ఆ దారిని కలిపేసుకుని, దాని పొడుగునా కొబ్బరిమొక్కలు నాటి, కంచె వేశాడు. తరవాత మా మామ్మ పోయింది. నాన్న బతిమాలితే, "తోటలో శవాలు తిప్పితే కాపు నిలవదు. బోదెలోంచి పొండి," అన్నాడు. మావాళ్ళు పెట్టె భుజానికెత్తుకుని ఆ కాలవలో మొలలోతు నీళ్ళలోకి దిగారు. అతను గట్టు మీద కుర్చీ వేయించుకుని చూశాడు. నేను లా చదవడానికి వేరే కారణం లేదు.

నేను రాసిన దావా చూసి సీనియర్ గారు "అమానుషంగా", "దుర్మార్గంగా" అన్న మాటలన్నీ కొట్టేశారు. "దారి ఏ వైపు, ఎంత వెడల్పు, ఎటు పోద్ది? అది రాయమ్మా. కోపం చెప్పులతో పాటు గుమ్మం బయట వదిలెయ్. వెళ్ళేటప్పుడు తొడుక్కుందువు గాని." కోపాన్ని పారేయమని మాత్రం అనలేదు. అందుకే ఆయన దగ్గర ఉండిపోయాను.

గట్లు, గోడలు, వీలునామాలు, అన్నదమ్ముల వాటాల మధ్య ఆయన జుట్టు నెరిసింది. ఏ స్థలం తగువైనా ముందు వెళ్ళి ఆ నేల మీద నడిచి వచ్చేవారు. ఎదుటి సాక్షిని ప్రశ్నించే ముందు గ్లాసుడు మంచినీళ్ళు ఇప్పించేవారు. గొంతు పెంచేవారు కాదు. ఆయన మెతకమనిషని మీరు వినే ఉంటారు. అలా అన్నవాళ్ళెవరూ ఆయన ఎదుట బోనులో నిలబడి ఉండరు. "ఎందుకు సార్ వాళ్ళకి అంత మర్యాద?" అని ఒకసారి అడిగాను. "తిడితే జాగ్రత్తపడతాడమ్మా. మెచ్చుకుంటే మాట్లాడతాడు. నీ పగ తీరాలంటే అతని నోటితోనే తీరాలి," అన్నారు.

ఆసామి ఆయనకి దూరపు చుట్టం. కోర్టు ఆవరణలో ఎదురుపడి, "బావగారూ, ఆ పేటోళ్ళ తరఫున నా మీదకొస్తారా?" అని నిష్ఠూరమాడాడు.

"ఆయ్, చుట్టరికం మర్చిపోతానాండీ? మీకు మోకాళ్ళ నొప్పులు కదా, జడ్జిగారినడిగి బోనులో కుర్చీ వేయిస్తాను."

అన్నట్టే వేయించారు. ఆ కుర్చీని చూస్తే నాకు బోదె గట్టు గుర్తొచ్చింది.

అక్కడ దారన్నదే ఎప్పుడూ లేదని ఆసామి వాదన. సీనియర్ గారు దారి ఊసెత్తకుండా ఆ రోజంతా తోట గురించే అడిగారు. "తోట బహు బాగుందండి. హైబ్రిడ్ చెట్లా?"

"హైబ్రిడ్డా! ఒక్కటి లేదండి. అంతా దేశవాళీయే."

"చచ్చినవాటి చోట కొత్తవి వేసుంటారు."

"మా తోటలో చెట్టు చావదండి. ఈ చివర్నించి ఆ చివరికి మా తాతగారు వేయించినవే."

జడ్జిగారు రాయించుకున్నారు. కేసు వాయిదా పడింది. బయటికొస్తూ సీనియర్ గారు, "తలుపులన్నీ తనే వేసుకున్నాడమ్మా. ఇంక దింపు సంగతొకటే అడగాలి," అన్నారు. కాయలు కోయడాన్ని మా వైపు దింపు అంటారు. అది అడగడానికి ఆయన లేకుండా పోయారు.

దహనం రోజున ఆసామి పూలదండ తెచ్చాడు. నా పక్కకొచ్చి మెల్లిగా, "ఏవమ్మా, పెద్ద ప్లీడరుగారు పోయేరు. ఇంక కాగితాలు మడతెట్టేసుకుంటారా?" అన్నాడు.

"వాయిదాకి రండి. మంచినీళ్ళు నేనిస్తానండి," అన్నాను.

మొన్న ఇచ్చాను. అతను గ్లాసు ఖాళీ చేసేదాకా ఆగాను. కోపం గుమ్మం బయటే ఉంది.

"మీ తోటలో దింపు కష్టమాండీ?"

"మరే! అంతంత పొడుగు చెట్లు. ఎక్కేవాడు దొరకట్లేదమ్మా."

"కంచె పక్క వరసకి కూడా మనిషి ఎక్కాలాండీ?"

"దానికి ఎక్కేదేంటి? కింద నించుని దోటీతో లాగేస్తాం," అని నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఆగింది. అతని లాయరు కళ్ళు మూసుకున్నాడు.

జడ్జిగారు తలెత్తి, "అవి కూడా మీ తాతగారు వేయించిన దేశవాళీ చెట్లేనా?" అని అడిగారు. ఆసామి ఖాళీ గ్లాసు ఎత్తి తాగబోయాడు.

తీర్పు ఇంకా రావాలి. అతని మీద నాకు జాలి కలగలేదు. కలగాలని సీనియర్ గారు కూడా ఎన్నడూ చెప్పలేదు. ఆయన నేర్పిన నెమ్మదికి మాత్రం దణ్ణం పెట్టుకున్నాను.

ఆ సాయంత్రం చెప్పులు తొడుక్కుని కంచె దాకా వెళ్ళాను. పొడుగు చెట్ల నీడలు బోదె దాటి అవతలి పొలంలో పడ్డాయి. కంచె పక్క వరస నీడలు మాత్రం పొట్టిగా, ఒకదాని పక్కన ఒకటి, మా సమాధుల తోట దాకా తిన్నగా వెళ్ళాయి.