ఆరో నంబరు మంచం మీది పాఠం

సువర్ణ చెప్పులు విడిచి, వాటి ముక్కులు గుమ్మం వైపు తిప్పిపెట్టి, ఆరో నంబరు మంచం మీద పడుకుంది. లేచి పోయేటప్పుడు కాళ్లతో దేవులాడొద్దని రోగులకు ఆమె చెప్పే మాట అది, తాను కూడా పాటించేది. చుట్టూ ఆరుగురు నర్సులు నిలబడ్డారు.

"నేను పేషంటును. మీరు సిస్టర్లు. ఇగ షురూ చేద్దామా?" అంది, ఎప్పటిలాగే.

అది మంగళవారం, పొద్దున పదకొండు గంటలు. డ్యూటీలో ఆమె చేసిన చివరి పని అదేనని ఆ ఆరుగురిలో ఎవరికీ తెలియదు. కల్యాణికి అసలే తెలియదు.

నిజామాబాద్‌లోని ఆ దవాఖానలో ఎనిమిది మంచాల వార్డు ఒకటి ఉంది. క్యాన్సర్‌కు ఇక వైద్యం లేదని తేలినవాళ్లు అక్కడికి వస్తారు. నొప్పి తగ్గించడం, పుండు కడగడం, నోరు తడపడం, పక్కన కూర్చోవడం అక్కడి పని. సువర్ణ ఆ వార్డు హెడ్ నర్సు. మూడు నెలలకోసారి వేరే వార్డుల నుంచి ఆరుగురు నర్సులు శిక్షణకు వచ్చేవాళ్లు. ఏ రోజు ఏ పాఠమో ఆమె దగ్గరున్న ఆకుపచ్చ రిజిస్టర్‌లో ఉండేది. దాన్ని ఎవరికీ ఇచ్చేది కాదు, పొద్దున వచ్చి నోటితోనే చెప్పేది. రోగితో మాట్లాడే పాఠం మాత్రం బోర్డు మీద చెప్పేది కాదు. తనే రోగిలా పడుకుని ప్రశ్నలు అడిగేది. ప్రతిసారీ ఒక పేరు, ఒక ఊరు కల్పించుకునేది.

ఆ బ్యాచ్‌లో కల్యాణి ఒకతి. వర్ని దగ్గరి క్యాంపు పిల్ల, తాతల కాలంలో కాలువ నీళ్లను నమ్ముకుని కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. సూది గుచ్చితే రోగికి తెలిసేది కాదు, అంత మంచి చెయ్యి. కానీ మనిషి కళ్లలోకి చూసి మాట్లాడాల్సి వస్తే ఒళ్లంతా బిగుసుకుపోయేది.

అంతకుముందు గురువారమే ఆ పాఠం ఒకసారి జరిగింది. ఆ రోజు సువర్ణ వెల్లకిలా, కాళ్లు బారజాపి పడుకుని, "నా పేరు ముత్తవ్వ. మాది కోటగిరి. సిస్టర్, నేను బతుకుతనా?" అని అడిగింది.

కల్యాణి గబగబా సెలైన్ స్టాండు దగ్గరికి వెళ్లి బాటిల్ సర్దింది. "మీకేం కాదమ్మా. అన్నీ తగ్గిపోతాయి."

"పిల్లా, ఆ సీసా మంచిగనే బతుకుతది. నేను నా సంగతి అడిగిన."

అందరూ నవ్వారు. కల్యాణి మొహం కందిపోయింది. "నావల్ల కాదు మేడమ్. ఏడుపొచ్చేస్తుంది."

"ఏడ్వు. ఎవలొద్దన్నరు? గని ఉరుకకు. మీ క్యాంపోళ్లు మాటలు మస్తుగ చెప్తరు, జరసేపు కూసోమంటె మాత్రం పానం మీదికొస్తది."

సువర్ణ తిట్టినా ఆ తిట్టులో పుల్లవిరుపు ఉండేది కాదు. ఆ మధ్యాహ్నం టీ తాగుతూ, ఆ పాఠం తనకెలా వచ్చిందో కల్యాణికి చెప్పింది.

ఆమె బోధన్‌లో పుట్టింది. తండ్రి దేవయ్య చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు తూచే దగ్గర పనిచేసేవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక కూడా సైరన్ మోగే వేళకు లేచి, చొక్కా వేసుకుని, అరుగు మీద కూర్చునేవాడు. తర్వాత గొంతులో క్యాన్సర్ వచ్చింది. అప్పటికి సువర్ణ డిచ్‌పల్లి మిషన్ దవాఖానలో నర్సు. కుష్ఠు రోగుల వేళ్లు జంకు లేకుండా పట్టుకుని కట్టు కట్టే మనిషి, తండ్రి మంచం దగ్గరికి వచ్చేసరికి అబద్ధమాడింది. ఆయన మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ "తగ్గుతది బాపు" అంది.

"ఆఖరుకు ఏమన్నడో ఎర్కనా? నువ్వు నర్సువు గదనే, నీకు గూడ తెల్వదా, అన్నడు. ఇగ మళ్ల మాట్లాడలే."

ఆ మాట చెప్పి కప్పు కడుక్కోవడానికి లేచి వెళ్లింది.

ఆమె ఎలా మాట్లాడేదో కల్యాణి ఆ వారంలోనే కళ్లారా చూసింది. నర్సవ్వ అని ఒక బీడీలు చుట్టే ముసలామెకు దవడ క్యాన్సర్. కొడుకు రాజశేఖర్ వరండాలో సువర్ణకు అడ్డం వచ్చాడు.

"మా అవ్వకు చెప్పకుండ్రి మేడమ్. ఉట్టి గడ్డ అని చెప్పినం."

"నేనేం చెప్పను అన్న. నేను అడుగుత, గంతే," అని సువర్ణ లోపలికి వెళ్లి, స్టూలు దగ్గరికి లాక్కుని, ముసలామె మొహానికి తన మొహం సమంగా వచ్చేలా కూర్చుంది. "అవ్వా, నీకేమనిపిస్తుంది? బీమారి ఎట్లున్నది?"

నర్సవ్వ గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది. "నేను పోత బిడ్డ. నాకెర్కనే. మా రాజిగానికి చెప్పకు, వాడు పిర్కోడు, తట్టుకోడు."

ఏం కావాలని సువర్ణ అడిగితే బీడీలు చుట్టే చాట కావాలంది. రాజశేఖర్ ఇంటి నుంచి చాట, కత్తెర తెచ్చి ఒళ్లో పెట్టాడు. ఆకు లేదు, పొగాకు లేదు. అయినా ఆ వేళ్లు రెండు రోజులు ఖాళీ చాటలో బీడీలు చుడుతూనే ఉన్నాయి. మూడో రోజు ఆగాయి.

ఆ తర్వాత సోమవారం సువర్ణ సెలవు పెట్టింది. హైదరాబాద్‌లో చుట్టాలింటికి వెళ్లొచ్చానని చెప్పింది. మంగళవారం వస్తూనే, "ఇయ్యాల మళ్ల మాట్లాడే పాఠమే. కల్యాణికి ఇంక రాలే గద," అంది. తనవల్ల అందరికీ పాఠం మళ్లీ పెట్టాల్సి వచ్చిందని కల్యాణి సిగ్గుతో చచ్చిపోయింది. ఈసారి ఎలాగైనా నెగ్గాలనుకుంది.

ఈసారి సువర్ణ వెల్లకిలా పడుకోలేదు. పక్కకు ఒత్తిగిలి మోకాళ్లు కడుపులోకి ముడుచుకుంది.

"మీ పేరేంటమ్మా?" అని కల్యాణి అడిగింది.

"పేరెందుకు బిడ్డ. ఇయ్యాల పేరు లేదు." కళ్లు మూసుకుని, "సిస్టర్, నేను బతుకుతనా?" అంది.

కల్యాణి సెలైన్ స్టాండు వైపు చూడలేదు. స్టూలు లాక్కుని, మొహం సమంగా వచ్చేలా కూర్చుని, చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది. "మీకేమనిపిస్తుందమ్మా?"

"కష్టమే అనిపిస్తుంది. ఇంట్ల ఎవలకు చెప్పలే. ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేదు."

"మీకిప్పుడేం కావాలి?"

"ఏమొద్దు. గిట్లనే జరసేపు కూసో."

కల్యాణి కూర్చుంది. ఒక నిమిషం, రెండు నిమిషాలు. అన్నీ తప్పు లేకుండా చేశానన్న సంతోషం లోపల పొంగుతుంటే ఆగలేకపోయింది. "అయిపోయిందా మేడమ్? ఈసారి పాసయ్యానా?"

సువర్ణ వెంటనే కళ్లు తెరవలేదు. తెరిచాక నవ్వింది. "పాసైనవ్ బిడ్డ. మంచిగ చేసినవ్."

నర్సులు చప్పట్లు కొట్టారు. "మీ యాక్టింగ్ సూపర్ మేడమ్, నిజం పేషంటులాగే ఉన్నారు," అంది కల్యాణి. సువర్ణ మంచం అంచు పట్టుకుని, నెమ్మదిగా దిగి, చెప్పులు తొడుక్కుంది. మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టింది.

తొమ్మిదో రోజు ఆమె అదే వార్డుకు స్ట్రెచర్ మీద వచ్చింది. కళ్లు పసుపుపచ్చగా ఉన్నాయి. క్లోమంలో క్యాన్సర్, కాలేయానికి పాకింది. శిక్షణ అయిపోయినా కల్యాణి అడిగి మరీ ఆ వార్డులో డ్యూటీ వేయించుకుంది.

సువర్ణ భర్త విజయ్ పాల్ బోధన్‌లో బడి గుమస్తా, మెత్తని మనిషి. మొదటి రోజే కల్యాణిని వరండాలో ఆపాడు.

"ఆమెకు జాండిస్ అనే చెప్పినం బిడ్డ. అసలుది తెలిస్తె ఖంగు తింటది."

"అన్నా, మేడమ్‌కి తెలియకుండా ఉంటుందా?"

"జిల్లాల అందరికి చెప్పేది ఆమెనే. ఆమెకు ఎవలు చెప్తరు? నాకైతె దమ్ము లేదు."

కల్యాణికి ఉంది. సువర్ణ అడిగిన క్షణంలో ఏం చెప్పాలో, ఎక్కడ ఆగాలో, చెయ్యి ఎలా పట్టుకోవాలో అన్నీ సిద్ధం చేసుకుంది. రోజూ స్టూలు లాక్కుని కూర్చునేది. సువర్ణ చూసి నవ్వేది, బయట ఎండ ఎట్లున్నదని అడిగేది, పక్క మంచం ఆమెకు నోరు తడపమనేది. ఆ ఒక్క ప్రశ్న మాత్రం అడగలేదు. అడగని మనిషికి మనంతట మనం చెప్పకూడదని నేర్పింది సువర్ణే. ఇరవై రెండు రోజులు కల్యాణి ఆ ప్రశ్న కోసం ఎదురుచూసింది. ఇరవై రెండో రోజు పొద్దున సువర్ణ ఊపిరి మారింది. విజయ్ పాల్ ఒక చెయ్యి, కల్యాణి ఒక చెయ్యి పట్టుకున్నారు. పదిన్నరకు ఆగిపోయింది. మంచం కింద ఆమె చెప్పులు గుమ్మం వైపు తిరిగి ఉన్నాయి.

నన్నెందుకు అడగలేదు, నేను తట్టుకోలేననుకుందా, నర్సవ్వ కొడుకుని అనుకున్నట్టు నన్నూ పిరికిదాన్ననుకుందా అని కల్యాణి ఎన్నో రోజులు లోలోపల కుమిలిపోయింది.

మూడు నెలలకు కొత్త బ్యాచ్ వచ్చింది. పాఠాలు కల్యాణినే చెప్పమన్నారు. ఏది ముందో ఏది వెనకో చూసుకుందామని ఆమె సువర్ణ సొరుగులోంచి ఆకుపచ్చ రిజిస్టర్ తీసింది. గుండ్రటి అక్షరాలు, ప్రతి పాఠం పక్కన తేదీ, పాఠం ముగిశాక 'అయింది' అన్న మాట. ఆ గురువారం ఎదురుగా ఇలా ఉంది: రోగితో మాట్లాడటం. అయింది. కల్యాణికి వచ్చేస్తుంది, మళ్లీ పెట్టక్కర్లేదు.

దాని కింద మంగళవారం. ఆ రోజుకు రాసుకున్న పాఠం పుండు కడిగి కట్టు కట్టడం. పక్కన 'అయింది' అని లేదు.