గుమ్మం దగ్గర అన్న మాట

ఒసాకాలో నేనున్నది ఒక్క సెమిస్టరు. అడిలైడ్‌లో ఇంజినీరింగు చదువుతుండగా, అక్కడొక కొలత పరికరాల కంపెనీలో పని నేర్చుకోమని మా యూని, అదే యూనివర్సిటీ వాళ్ళు పంపారు. ఆ సెమిస్టరంతా నోరు మూసుకుని బతికాను. నన్నెరిగినవాళ్ళెవరూ ఈ మాట నమ్మరు. గుంటూరులో రిక్షా అతనితోనూ, కాలేజీ ప్రిన్సిపాలుతోనూ ఒకే గొంతుతో వాదించినదాన్ని. భాష రాని చోట నోరెంత పెద్దదైతే ఏం, అన్నం తినడానికి తప్ప పనికిరాదు.

మొదట్లో కంపెనీలో నేను ఇంగ్లీషులో ఏం చెప్పినా అందరూ "హై, హై" అని తలూపేవారు. హై అంటే అవునని పుస్తకంలో ఉంది. ఎంత తొందరగా ఒప్పుకుంటారు వీళ్ళు, నేను పుట్టాల్సిన దేశం ఇదే, అనుకున్నాను. మర్నాడు చూస్తే ఒక్కటీ నేను చెప్పినట్టు జరిగేది కాదు. వాళ్ళు ఒప్పుకోలేదు, ఊ కొట్టారంతే. కథ చెబితే ఊ కొట్టే ఇంట్లో పుట్టి కూడా ఆ సంగతి పోల్చుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

నేను అద్దెకున్న ఇల్లు ట్రాము పట్టాల పక్క సందులో ఉండేది. కింద ఇంటావిడ, ఆవిడ కుట్టుమిషను. పైన నా గది. భర్త పోయిన ముసలావిడ. కొడుకు టోక్యోలో. వీధిలోవాళ్ళ ప్యాంట్లు పొట్టివి చేసి, జిప్పులు మార్చి ఇస్తూ ఉండేది. మా ఇద్దరి మధ్యా గుప్పెడు మాటలు. అందులో సగం "అకన్" అనేదే. కూడదు అని. తడి గొడుగు లోపలికి తెస్తే అకన్, అన్నం మెతుకు వదిలితే అకన్.

మొదటిరోజు పొద్దున నేను బూట్లు వేసుకుని చప్పుడు చెయ్యకుండా బయటపడబోతే, మిషను ఆపి పరుగున వచ్చింది. గుమ్మం దగ్గర నిలబెట్టి, "ఇత్తెకిమాస్ అను" అన్నట్టు నోరు తిప్పి చూపించింది. ఎడమ అరచేతి మీద కుడిచేతి రెండు వేళ్ళనూ నడిపించింది. వేళ్ళు అంచుదాకా వెళ్ళాయి, మళ్ళీ వెనక్కి వచ్చాయి.

వెళ్ళొస్తాను! ఆ దేశంలో నాకు పుస్తకం అక్కర్లేకుండా అర్థమైన మొదటి మాట అదే. మా ఇంట్లో గడప దాటుతూ "వెళ్తున్నా" అంటే నెత్తిన మొట్టి, "వెళ్ళొస్తా అనవే, అప్రాచ్యపు దానా" అనేది మా నాయనమ్మ. సముద్రాలు దాటి వచ్చినా మొట్టికాయ తప్పలేదనుకుని గట్టిగా అరిచాను. ఆవిడ "ఇత్తెరష్షాయ్" అంది. వెళ్ళి రా అని. సాయంత్రం తలుపు తీస్తూ నేను "తదైమా" అనాలి, ఇదిగో వచ్చేశానని. ఆవిడ "ఒకాఎరి" అనాలి, వచ్చావా తల్లీ అని. నా తదైమా వినబడేదాకా ఆవిడ అన్నం ముందు కూర్చునేది కాదు.

సెమిస్టరు అయిపోయింది. సూట్‌కేసు గుమ్మంలో పెట్టాను. నా గొడుగు అందులో పట్టక ఆవిడ గొడుగుల కుండీలోనే వదిలేశాను. ఆవిడ చేతులు ముందు కట్టుకుని నిలబడింది. నేనేదో అంటానని చూస్తోంది. శాశ్వతంగా ఇల్లు వదిలేటప్పుడు అనాల్సిన మాట వేరే ఉందట. నాకేం తెలుసు? మనకి శాశ్వతంగా పోయేవాడైనా అనేది ఒకటేగా.

"ఇత్తెకిమాస్!" అన్నాను, ఇన్నాళ్ళ సాధనా చూపిస్తూ.

ఆవిడ నా సూట్‌కేసు వంక చూసింది, నా వంక చూసింది. మొహం విప్పారింది. "ఇత్తెరష్షాయ్" అంది. నా ఉచ్చారణ మెచ్చుకుందనుకున్నాను.

అడిలైడ్ తిరిగొచ్చాక, మాసన్ లేక్స్‌లో మా అద్దింటినుంచి ఒకరోజు గుంటూరు ఇంటికి ఫోను చేస్తే ఫోను కార్డులో ఇంకొన్ని నిమిషాలు మిగిలాయి. సరే, ఆవిణ్ణి పలకరిద్దామనిపించింది. నా గొంతు వినగానే అవతల్నుంచి ఒకటే కేక: "ఒకాఎరి!"

నేను వచ్చేశాననుకుంది. ఊళ్ళో దిగి ఫోను చేస్తున్నాననుకుంది. తర్వాత గలగలా ఏమేమో అంది, అడిగింది. నాకు చేతనైనది ఒక్కటే. "హై, హై" అంటూ ఊ కొట్టాను.

మర్నాడు యూనిలో నాతో చదివే జపాన్ కుర్రాడికి ఇదంతా నవ్వుతాలుగా చెప్పాను. వాడు నవ్వలేదు.

"ఇత్తెకిమాస్ అని సాయంత్రానికి తిరిగొచ్చేవాళ్ళు అంటారు. ఆవిడ అడిగినవాటికి కూడా నువ్వు హై అన్నావా?"

"అన్నాను."

"అయ్యో" అన్నట్టు పళ్ళ మధ్యనుంచి గాలి పీల్చాడు.

శనివారం మా వంటింట్లో వాణ్ణి కూర్చోబెట్టి స్పీకరు పెట్టి ఫోను చేయించాను. నాతో ఉండే వరంగల్ పిల్ల పప్పు తాలింపు ఆపి మరీ చూస్తోంది. వాడు చాలాసేపు విని, ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి చెప్పాడు. ఒంటరిగా ఉండొద్దు, ఇల్లు తీసేసి టోక్యో వచ్చెయ్యమంటున్నాడట కొడుకు. "ఒంటరిగా ఎక్కడున్నాను, పైన అమ్మాయి ఉందిగా, వెళ్ళొస్తానని చెప్పే వెళ్ళింది" అంటోందట ఆవిడ. అద్దెకు వేరే ఎవరొచ్చినా గది ఖాళీ లేదని పంపేస్తోందట. ఎండ కాసినప్పుడల్లా నా పరుపు ఆరేస్తోందట.

ఫోను మీద వాడి చేతిని ఇంకా గట్టిగా అదిమాను.

"నేను రానని చెప్పు."

"అలా చెప్పకూడదు."

"ఎందుకు చెప్పకూడదు? రానిదాన్ని రాననక ఏమంటావు?"

"మెల్లిగా చెప్పాలి."

"నువ్వు మెల్లిగా చెప్పేలోపు ఆవిడ పరుపు చిరుగుతుంది!"

"అక్కా, గా పిలగాన్ని మాట్లాడనియ్యే" అంది వరంగల్ పిల్ల. "నీకు మల్లె అందరికీ కత్తి నోట్లెనే ఉంటదా?"

వాడు మాట్లాడాడు. వంగి వంగి, కనబడని మనిషికి దండాలు పెడుతూ, మధ్యలో "చొత్తో…" అని, అంటే కొంచెం అని, ఆగుతూ, మళ్ళీ మొదలెడుతూ. అవతల్నుంచి "హై… హై… హై…" నా తరఫున వాదించడానికి లోకం మొత్తమ్మీద ఒక్కడు దొరికితే, వాడికి వాదించడం రాదు.

"చెప్పేశాను" అన్నాడు ఫోను పెట్టి.

"ఆవిడేమంది?"

"హై అంది."

"అంటే? సరే అందా, ఊ కొట్టిందా?"

వాడు తల గోక్కున్నాడు. "విన్నది" అన్నాడు.

వరంగల్ పిల్ల గరిటె కింద పెట్టింది. "సెలవులల్ల నువ్వే పోయి రారాదు అక్కా? ఒకపారి మొకం సూపిస్తే అయిపాయె."

"పోయి? మళ్ళీ బయల్దేరేటప్పుడు గుమ్మం దగ్గర ఏమనమంటావే?"

"పోయొస్త అను" అంది అలవాటుగా. అనేసి నాలుక కరుచుకుంది.

వెళ్ళే వీలూ లేదు నిజానికి. మళ్ళీ జపాన్ వీసా కావాలి, ఇక్కడేమో ఆఖరి సెమిస్టరు ప్రాజెక్టు మెడమీద ఉంది. అందుకని వాణ్ణి పట్టుకుని ఒక్క మాట నేర్చుకున్నాను. "మొదొరిమసేన్." తిరిగి రాను. మెలికల్లేవు, సాగదీతల్లేవు, నాకు నచ్చే రకం మాట. బస్సులో అనుకున్నాను, గిన్నెలు తోముతూ అనుకున్నాను. "ఏం మంత్రమే అది" అని వరంగల్ పిల్ల విసుక్కుంది.

ఫోను చేశాను. మొగగొంతు పలికింది. కొడుకు. ఇంగ్లీషు కొద్దిగా వచ్చు.

"మేడమీద ఉండే అమ్మాయా?" అన్నాడు వెంటనే. అమ్మను టోక్యో తీసుకెళ్ళిపోయాడట. ఇల్లు ఖాళీ చెయ్యడానికి వచ్చాడట. వెనక ఎవరో బరువైనవి ఈడుస్తున్న చప్పుడు. కుట్టుమిషనేమో.

"మీ గొడుగు ఉంది" అన్నాడు. "ఆస్ట్రేలియా పంపిస్తానన్నాను. అమ్మ వద్దంటోంది. వచ్చాక మీరే తీసుకుంటారట. టోక్యోకి తనతోపాటు పట్టుకెళ్ళింది."

ఫోను ఇంకో చెవికి మార్చాను.

"రోజూ అడుగుతోంది" అన్నాడు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "మీరు వస్తారా? అమ్మకి ఏమని చెప్పమంటారు?"

మాట నాలుక చివరే ఉంది. అన్నిసార్లు అనుకున్న మాట. వరంగల్ పిల్ల నా మొహంలోకే చూస్తోంది. అవతల ఈడుస్తున్న చప్పుడు ఆగింది.

"చూద్దామండీ" అన్నాను. తెలుగులో.

"హై" అన్నాడతను.